అటక మీది పాత పెట్రోలు రంపాన్ని మళ్లీ నడిపించడం ఎలా?

“మా నాన్నగారు కొన్న చెట్లు కోసే మిషను సావిడి అటక మీద ఇరవై ఏళ్లుగా పడి ఉందండీ, తాడు లాగితే కదులుతోంది, పెట్రోలు పోసి చూడమంటారా?” అమలాపురం వైపు నుంచి, నరసాపురం వైపు నుంచి ఈ ప్రశ్న పదేపదే వస్తూ ఉంటుంది. పోయవద్దు. అసలు ఇంకొకసారి తాడు కూడా లాగవద్దు. పాత రంపాలు వయసు వల్ల పాడయ్యేది తక్కువ, దొరికిన రోజున ఆత్రంగా తాడు లాగినందువల్ల పాడయ్యేది ఎక్కువ. ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. నా చేతికి వచ్చిన మొట్టమొదటి రంపం సైలెన్సరులో కందిరీగలు మట్టిగూడు కట్టుకున్నాయి. అది చూడకుండా నాలుగుసార్లు తాడు లాగాను. రాలిన మట్టి ఎగ్జాస్టు రంధ్రం గుండా సిలిండరులోకి జారి, అద్దంలా ఉన్న గోడ మీద పైనుంచి కింది దాకా గీతలు పెట్టింది. ఆ సిలిండరుకు సరిజోడు నాకు ఇంతవరకూ దొరకలేదు.

కాబట్టి కింది పనులను ఇచ్చిన వరుసలోనే చేయండి. ముఖ్యమైన పనులు ముగిశాక సరిగ్గా జరిగిందో లేదో పరీక్షించుకునే మార్గం కూడా చెప్పాను. ఆ పరీక్షలో నెగ్గకుండా తరువాతి పనికి వెళ్లకండి.

ఏ రంపాన్ని చేపట్టాలి?

ఇంట్లో ఉన్నదైతే ఎంచుకునే ప్రశ్నే లేదు. నా దగ్గరకు మరమ్మతుకు వచ్చినవాటిలో కొన్ని 1996 నవంబరు 6 నాటి తుఫానులో కూలిన కొబ్బరి తోటలను తొలగించడానికి కొన్నవేనని ఆ ఇళ్లవారు చెబుతారు. అటువంటి రంపానికి వెల కట్టలేము, దానితోనే మొదలుపెట్టండి. కొనదలచుకున్నవారు మాత్రం మొదటి రంపంగా 50 నుంచి 70 సి.సి. లోపు ఇంజను ఉన్నదాన్ని చూసుకోవడం మంచిది. స్టిల్ కంపెనీ 61 సి.సి. రంపం 041 వంటిది చేతికి అందుబాటులో ఉండే బరువుతో, విప్పడానికి తేలికగా ఉంటుంది. అందరూ ఆశపడే స్టిల్ 070 ఇంజను 106 సి.సి., దాని పెద్దన్న 090 ఇంజను 137 సి.సి. బారూ (గొలుసు తిరిగే పొడవాటి పలక) గొలుసూ లేకుండానే దాదాపు పది కిలోలు తూగే ఆ యంత్రాలకు పాతకాలపు తయారీలో గొలుసును ఆపే బ్రేకు లేదు. సేకరణకు అవి గొప్పవే, కానీ నేర్చుకోవడానికి తగినవి కావు.

సేకరణలో ఆసక్తి ఉన్నవారు గుర్తుంచుకోదగిన సంవత్సరం 1959. స్టిల్ కంపెనీ గేరుపెట్టె లేకుండా ఇంజను నుంచి నేరుగా గొలుసును తిప్పే కాంట్రా నమూనాను ఆ ఏడాదే తెచ్చింది, హుస్క్వర్నా కంపెనీ తన తొలి గొలుసు రంపాన్ని కూడా ఆ ఏడాదే చేసింది. అంతకు ముందువి మన వైపు దొరకడం అరుదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 070కు నకళ్లు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. వాటికి మసి పూసి, రంగు గోకి, పాతవిగా అమ్మేవారు ఉన్నారు. పోతపోసిన అక్షరాల అంచులు చూడండి, వరుస సంఖ్య శుభ్రంగా చెక్కి ఉన్నదో లేదో చూడండి, మరల తలలు చూడండి. ముప్పై ఏళ్ల యంత్రంలో కొన్ని మరలకైనా పానా పట్టిన ఆనవాళ్లు ఉండి తీరాలి. నడవని రంపానికి నడిచే రంపం ధర ఇవ్వవద్దు. పాత ఇనుప సామాను కొట్టులో కొన్నా సరే, చేతిరాత రసీదు ఒకటి రాయించుకోండి.

కావలసినవి

పానాల సెట్టు, రంపానికి తగిన టి ఆకారపు అలెన్ తాళాలు, సన్నని, వెడల్పాటి స్క్రూడ్రైవర్లు, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజి, గాలి పీడనం చూపే గేజి ఉన్న సైకిలు పంపు, పాత సైకిలు ట్యూబు ముక్కలు, 400 నంబరు నీటి ఉప్పు కాగితం, గొలుసుకు సరిపడే గుండ్రని ఆకురాయి, ఒక బల్లపరుపు ఆకురాయి, పాత పళ్ల బ్రష్షులు, కిరసనాయిలు, మంచి టూటీ ఆయిలు (టూ-స్ట్రోక్ ఇంజన్ల పెట్రోలులో కలిపేది), శుభ్రమైన నూలు గుడ్డలు. ఇవి కాక గుడ్ల పెట్టె అట్ట ఒకటి తెచ్చుకోండి. విప్పిన మరలను విప్పిన వరుసలో గుంటకొకటి చొప్పున వేసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తడుముకోనవసరం ఉండదు. రంపంలో చూడటానికి ఒకేలా ఉండి పొడవు మాత్రం తేడాగా ఉండే మరలు చాలా ఉంటాయి. పొట్టిదాని చోట పొడవుది బిగిస్తే క్రాంకు పెట్టె (సిలిండరు కింద ఉండే ఇంజను పెట్టె) పగులుతుంది.

విడిభాగాల సంగతి. బేరింగులకు కంపెనీ పేరు చెప్పి వెతకనవసరం లేదు. బేరింగు పక్కన చెక్కిన అంకె, ఉదాహరణకు 6202 లేదా 6203 అని ఉంటే, రాజమహేంద్రవరంలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో బేరింగుల కొట్టులో చూపితే ఇస్తారు. సీ3 అని గుర్తు ఉన్నదాన్నే, లోపలి పంజరం ఉక్కుతో చేసినదాన్నే అడగండి. ఆయిల్ సీళ్లకు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి వెళ్తే చాలు. కార్బొరేటర్ డయాఫ్రం (లోపలి సన్నని పొర) కిట్టుకు మాత్రం కార్బొరేటర్ మీద ఉన్న అక్షరాలు కావాలి, రంపం పేరు చాలదు.

1. తాడు ముట్టకముందు లోపల చూడండి

స్పార్క్ ప్లగ్గు విప్పండి. సైలెన్సరు విప్పండి. టార్చిలైటు వేసి ఎగ్జాస్టు రంధ్రంలోంచి పిస్టను పక్క గోడను చూడండి. మట్టి, గూడు, బూజు ఏమున్నా రంపాన్ని బోర్లించి, రంధ్రం నేల వైపు ఉండేటట్లు పెట్టి, మెత్తని బ్రష్షుతో బయటికే లాగండి. గాలి కొట్టవద్దు, లోపలికి పోతుంది.

పిస్టను కదలకపోతే ప్లగ్గు రంధ్రంలో డీజిలూ టూటీ ఆయిలూ సగం సగం కలిపి రెండు చెంచాలు పోసి, రెండు మూడు రోజులు వదిలేయండి. ఆ తరువాత ఫ్లైవీలును చేత్తో పట్టుకుని ఇటూ అటూ కొద్దికొద్దిగా ఊపండి. తాడుతో లాగినా, పిస్టను మీద సుత్తితో కొట్టినా రింగులు విరుగుతాయి. కదిలాక వేలిగోటితో పిస్టను పక్కను నిలువునా కాకుండా అడ్డంగా గీయండి. గోరు తట్టుకోకపోతే ఆ గీతలతో ఇబ్బంది లేదు. తట్టుకుంటే సిలిండరు విప్పక తప్పదు.

సిలిండరు గోడకు అల్యూమినియం అంటుకుని ఉంటే యాసిడ్ పోయమని చెప్పేవారు ఉంటారు. పాత సిలిండర్లలో చాలావాటికి క్రోమ్ పూత ఉంటుంది, యాసిడ్ ఆ పూతనే తినేస్తుంది. ఉప్పు కాగితాన్ని కిరసనాయిలులో తడిపి, వేలికి చుట్టి, ఓపికగా అడ్డదిడ్డంగా రుద్దండి. ఒక సాయంత్రం పడుతుంది.

పరీక్ష: పోసిన ఆయిలంతా కారిపోయాక ప్లగ్గు బిగించి, రంపాన్ని స్టార్టరు తాడు పిడి పట్టుకుని వేలాడదీయండి. మెల్లగా, ఆగి ఆగి కిందికి దిగితే కంప్రెషను (సిలిండరులో గాలిని నొక్కే బలం) ఉన్నట్లు. బావిలో చేదలా జర్రున జారిపోతే లేనట్లు. ద్విచక్ర వాహనాల మెకానిక్కు దగ్గర గేజి ఉంటే ఇంకా మంచిది. 120 పి.ఎస్.ఐ. దాటితే నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు, 90 కంటే తక్కువైతే రింగులు చూడాలి. లోపల ఆయిలు ఉండగానే కొలవడం అందరూ చేసే పొరపాటు. ఆయిలు సందులను మూసివేసి, లేని బలాన్ని ఉన్నట్లు చూపిస్తుంది.

2. కడగడం

మన ప్రాంతంలో పాత రంపాలకు జరిగే అన్యాయాల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతుంది, అందువల్ల కొంచెం వివరంగా చెబుతాను. చాలా పాత రంపాల క్రాంకు పెట్టె, పైమూతలు మెగ్నీషియం లోహంతో పోసినవి. సముద్రపు గాలిలోని ఉప్పు తగిలి, అంతర్వేది, ఓడలరేవు వంటి తీర గ్రామాల్లో ఉన్న యంత్రాలకు రంగు లేచిన చోటల్లా తెల్లటి పొడి పుడుతుంది. ఆ తెలుపును చూసి ఇత్తడి బిందెను తోమినట్లు చింతపండుతోనో నిమ్మచెక్కతోనో తోమేవారు ఉన్నారు. పులుపు మెగ్నీషియాన్ని కరిగిస్తుంది. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ అయితే చూస్తుండగానే నురుగు కక్కిస్తుంది.

కిరసనాయిలూ బ్రష్షూ పట్టి జిడ్డు, పొట్టు వదిలించండి. ఆపై గిన్నెలు తోమే సబ్బు నీటితో కడిగి, వెంటనే మంచి నీటితో తొలిచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. తెల్లటి పొడి ఉన్నచోట నీటితో తడిపిన ఉప్పు కాగితంతో చేత్తోనే రుద్దండి. గ్రైండరు, తీగ చక్రం వాడవద్దు. మెగ్నీషియం పొడి నిప్పురవ్వకు భగ్గుమంటుంది, ఆ మంట మీద నీళ్లు పోస్తే ఇంకా పెరుగుతుంది. పని చేసే చోట పొడి ఇసుక బకెట్టు ఒకటి ఉంచుకోండి. రుద్దిన చోట అదే రోజు ప్రైమరు పూయండి, మన తేమకు రాత్రి గడిస్తే మళ్లీ తెల్లబడుతుంది.

తుప్పు పట్టిన మరల స్థానంలో మెరిసే స్టెయిన్‌లెస్ మరలు వేయాలని అందరికీ అనిపిస్తుంది. తీర ప్రాంతంలో వేయవద్దు. స్టెయిన్‌లెస్ ఉక్కూ మెగ్నీషియమూ ఉప్పు తేమలో ఒకదానినొకటి తాకి ఉంటే మెగ్నీషియం వైపు తినేసుకుపోతుంది. జింకు పూత ఉన్న మామూలు మరలకు గ్రీజు రాసి బిగించండి.

రంగు వేయాలా వద్దా అని కూడా అడుగుతుంటారు. అసలు రంగు సగం పైగా నిలిచి ఉంటే దాన్నలాగే ఉంచండి. చేతులు పట్టి పట్టి అరిగిన పిడి, కొబ్బరి పీచు రాసుకుని పోయిన అంచులు ఆ యంత్రం చేసిన పనికి గుర్తులు. వాటిని చెరిపేసి కొత్తదానిలా చేస్తే నాకు బాధగా ఉంటుంది.

3. నిప్పు వస్తోందో లేదో చూడండి

ప్లగ్గును తీగకు తగిలించి, దాని ఇనుప ఒంటిని సిలిండరు రెక్కకు ఆనించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పట్టుకుని తాడు లాగండి. లోపల చూసి శుభ్రం చేశారు కనుక ఇప్పుడు లాగవచ్చు. నీడలో చిటపటమంటూ నీలి మెరుపు కనిపించాలి. ఎర్రగా, బలహీనంగా ఉన్నా, రాకపోయినా కొత్త ప్లగ్గుతో మరోసారి చూడండి. ప్లగ్గు సందు 0.5 మి.మీ. ఉండాలి.

పాత రంపాల్లో ఫ్లైవీలు కింద పాత స్కూటర్లలో ఉన్నట్లే కరెంటును కలిపి తెంచే పాయింట్లు, కండెన్సరు ఉంటాయి. వర్షాకాలపు చెమ్మకు పాయింట్ల ముఖాలు నల్లబడి కరెంటును ఆపేస్తాయి. నిప్పు రాని పాత రంపాల్లో ఎక్కువ వాటికి రోగం ఇదే, కాయిలు కాదు. కాయిలు మార్చమని డబ్బు తీసుకున్నవారిని చూశాను. ఫ్లైవీలు నట్టు తీయడానికి ప్లగ్గు రంధ్రంలోకి శుభ్రమైన నైలాను తాడు దూర్చి పిస్టనును ఆపండి, అయితే పిస్టను ఎగ్జాస్టు రంధ్రాన్ని దాటి పైకి వచ్చాకనే దూర్చండి, లేకపోతే తాడు రంధ్రంలో చిక్కుకుని తెగుతుంది. ఫ్లైవీలును స్క్రూడ్రైవరుతో పెకలించవద్దు, రెక్కలు విరుగుతాయి. దాన్ని లాగి తీసే పనిముట్టు, పుల్లరు వాడండి. క్లచ్ తీయవలసి వస్తే, చాలా రంపాల్లో అది ఎడమ మరతో (కుడికి తిప్పితే ఊడేది) ఉంటుందని గుర్తుంచుకోండి. దాని మీద బాణం గుర్తు ఉందేమో ముందు వెతకండి.

పాయింట్ల ముఖాలను సన్నని ఉప్పు కాగితంతో రెండు సార్లు రుద్ది, తెల్ల కాగితం ముక్కను మధ్య పెట్టి లాగండి. కాగితం మీద మరక పడనంత వరకు అలాగే చేయండి. వేలు తగిలితే ఆ జిడ్డు చాలు, మళ్లీ నిప్పు పోతుంది. పూర్తిగా తెరుచుకున్నప్పుడు పాయింట్ల సందు 0.35 నుంచి 0.4 మి.మీ., కాయిలుకూ ఫ్లైవీలు అయస్కాంతానికీ మధ్య 0.25 నుంచి 0.3 మి.మీ. ఉండేటట్లు ఫీలర్ గేజితో సరిచేయండి. పాయింట్లు అరిగిపోయి కొత్తవి దొరకకపోతే వాటి బదులు చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టుకోవచ్చు. పాత భాగాలను పారవేయకుండా సీసాలో వేసి రంపంతోనే ఉంచండి.

4. పెట్రోలు దారి

ట్యాంకులోని గొట్టం, వడపోత గుండు, కార్బొరేటర్ డయాఫ్రంలు. ఈ మూడింటినీ చూడకుండానే మార్చివేయమంటాను, ఎందుకంటే మన పెట్రోలు మారిపోయింది. ఇప్పుడు బంకుల్లో పోసే మామూలు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. పాతకాలపు రబ్బరు దీనికి ఉబ్బి, మెత్తబడి, ముక్కలుగా ఊడుతుంది. ఆ ముక్కలు కార్బొరేటర్ సన్న రంధ్రాల్లో కూర్చుంటాయి. పైగా ఇథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, డెల్టాలో ఆ చెమ్మకు కొదవ లేదు.

మీ పెట్రోలులో ఎంత కలిసిందో ఇంట్లోనే చూసుకోవచ్చు. గీతలున్న గాజు సీసాలో 20 మి.లీ. నీళ్లు, 100 మి.లీ. పెట్రోలు పోసి, మూత బిగించి, ఆరుబయట, నిప్పుకు దూరంగా ఊపి పది నిమిషాలు వదలండి. అడుగున నీటి మట్టం 20 దగ్గరే ఆగితే ఇథనాల్ లేదు. ఎంత పైకి వస్తే సుమారుగా అంత ఉన్నట్లు.

కార్బొరేటర్ విప్పేటప్పుడు ప్రతి పొరకూ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. గాస్కెట్టు ముందా డయాఫ్రం ముందా అనే వరుస తప్పితే రంపం మొరాయిస్తుంది. డయాఫ్రం మెత్తగా, లేత అరిటాకులా వంగాలి. ఎండుటాకులా గలగలమంటే పనికిరాదు. రంధ్రాల్లో ఇనుప తీగ పెట్టి గుచ్చవద్దు, ఇత్తడి జెట్టు పెద్దదైపోతుంది. స్ప్రే క్లీనరు కొట్టండి, లేదా చీపురుపుల్ల వాడండి. పెట్రోలును ఆపి వదిలే సూదిని లేపే చిన్న మీట చాలా కార్బొరేటర్లలో అది ఉన్న గది అడుగుతో సమంగా ఉండాలి. ఎత్తుగా ఉంటే పెట్రోలు పొంగుతుంది, లోతుగా ఉంటే అందదు.

పరీక్ష: పెట్రోలు వచ్చే ముక్కుకు సైకిలు పంపు గొట్టం తగిలించి 0.5 బార్ వరకు గాలి పట్టండి. ముల్లు ఒక నిమిషం కదలకుండా నిలిస్తే సూది కూర్చున్నట్లు.

5. గాలి లీకు

చాలామంది దాటవేసే పని ఇది. క్రాంకు చివరల ఉండే ఆయిల్ సీళ్లు ఎండిపోతే అక్కడినుంచి దొంగగాలి దూరుతుంది. గాలి ఎక్కువై, పెట్రోలుతో వచ్చే ఆయిలు చాలక, బాగుచేసిన పిస్టను పది నిమిషాల్లో పట్టేస్తుంది. ఎగ్జాస్టు, ఇన్‌టేకు రంధ్రాలను సైకిలు ట్యూబు ముక్కలు అడ్డం పెట్టి మూసి బిగించి, ప్లగ్గు రంధ్రం గుండా 0.4 బార్ గాలి పట్టి, సీళ్ల మీద, సిలిండరు అడుగు అతుకు మీద సబ్బు నురుగు రాయండి. కుంకుడు నురుగైనా సరిపోతుంది. బుడగ లేచిన చోటే లీకు. 0.7 బార్ దాటి పట్టవద్దు, మంచి సీలు కూడా తన్నుకొస్తుంది. ముప్పై ఏళ్ల రంపమైతే, బుడగ రాకపోయినా నేను సీళ్లు మార్చేస్తాను.

6. కలపాల్సిన పాళ్లు

లీటరు పెట్రోలుకు 40 మి.లీ. మంచి టూటీ ఆయిలు. అంటే 25కు 1. కొత్త రంపాలకు 50కు 1 చాలని చెప్పే మాట పాతవాటికి వర్తింపజేయవద్దు. అలాగని ఎక్కువ పోస్తే మేలని 80, 100 మి.లీ. పోయడం కూడా తప్పే, సైలెన్సరు మసితో మూసుకుపోతుంది. కలిపిన తేదీ డబ్బా మీద రాసి, రెండు వారాలు దాటితే రంపంలో పోయకండి.

7. తొలిసారి నడపడం

కార్బొరేటర్‌కు ఎల్ (తక్కువ వేగానికి), హెచ్ (ఎక్కువ వేగానికి) అని రెండు సూది మరలు ఉంటాయి. రెండింటినీ వేలి బలంతో మాత్రమే చివరికంటా తిప్పి, ఒక్కొక్క చుట్టు వెనక్కి వదలండి. గట్టిగా బిగిస్తే సూది మొన చెడి, ఆ కార్బొరేటర్ ఎప్పటికీ కుదుటపడదు.

గొలుసూ బారూ తీసివేసి, రంపాన్ని నేల మీద పెట్టి, ముందు పిడిని ఎడమ చేత్తో నొక్కి పట్టి, వెనక పిడిని కాలితో తొక్కి, చోక్ వేసి తాడు లాగండి. రంపాన్ని గాలిలో ఒక చేత్తో పట్టుకుని లాగడం వీడియోల్లో చూసి నేర్చుకునే అలవాటు, దయచేసి వద్దు. “టప్” అని ఒక్కసారి పలికాక చోక్ తెరిచి మళ్లీ లాగండి. చోక్ వేసే ఉంచి లాగుతూ పోతే ప్లగ్గు తడిసిపోతుంది.

రెండు నిమిషాలు నడిపి, నిలకడగా తిరుగుతోంది అనుకున్నాక ఆపి, ప్రతి మరనూ మళ్లీ బిగించండి. గొలుసు, బారు తొడిగాకనే హెచ్ మరను సరిచేయాలి, అవి లేకుండా పూర్తి వేగంతో తిప్పవద్దు. కోతలో లేనప్పుడు పూర్తి వేగంలో శబ్దం కొంచెం గరగరమంటూ తడబడాలి. దుంగలో దిగగానే ఆ తడబాటు పోయి స్వరం నున్నగా మారాలి. ఖాళీగా ఉన్నప్పుడే ఈల వేసినట్లు నున్నగా పాడుతోందంటే పెట్రోలు చాలడం లేదు. చెవికి ఎంత ఇంపుగా ఉన్నా వెంటనే హెచ్ మరను కొంచెం తెరవండి. ఇథనాల్ పెట్రోలుకు మామూలు కంటే మరికాస్త తెరవవలసి వస్తుంది. వేగం పెంచే మీట వదిలినప్పుడు గొలుసు తిరగకూడదు. తిరుగుతుంటే ఐడిల్ మర (మీట వదిలినప్పటి వేగాన్ని సరిచేసేది) తగ్గించండి, తగ్గించినా తిరిగితే క్లచ్ స్ప్రింగు చూడండి.

పరీక్ష: పది నిమిషాల కోత తరువాత ఇంజను ఆపి, చల్లారాక ప్లగ్గు విప్పండి. లేత బెల్లం రంగు ఉంటే కుదిరినట్లు. తెల్లగా ఉంటే ప్రమాదం, నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ. నడుస్తున్న రంపాన్ని పక్కకు వంచగానే వేగం పెరిగితే ఐదో పనికి తిరిగి వెళ్లండి, లీకు మిగిలే ఉంది.

8. గొలుసుకు పదును

ఈనాటి గొలుసు పంటి ఆకారం 1946లో అమెరికాలోని ఆరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ అనే కలప పనివాడు, మొద్దును ఎడమకూ కుడికీ తొలుచుకుంటూ పోయే పురుగును చూసి ఆలోచించినది. ఆ పురుగు దవడల్లాగానే పళ్లు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి ఉంటాయి. అన్ని పళ్లూ ఒకే పొడవు ఉంటేనే కోత నిటారుగా పోతుంది.

ఆకురాయి మందం గొలుసు లింకుల ఎడాన్ని అంగుళాల్లో చెప్పే అంకెను బట్టి ఉండాలి. .325 గొలుసుకు 4.8 మి.మీ., .404 గొలుసుకు 5.5 మి.మీ. ఆకురాయిని పంటి లోపలి నుంచి బయటికి మాత్రమే నెట్టండి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తండి. పంటికి 30 డిగ్రీల వాలు. అన్నింటికన్నా బాగా అరిగిన పన్ను ఏదో వెతికి, మిగతావన్నీ దాని పొడవుకే తీసుకురండి. ప్రతి పంటి ముందూ ఉండే చిన్న గూనును బల్లపరుపు ఆకురాయితో పన్ను కంటే 0.65 మి.మీ. తక్కువలో ఉంచండి. త్వరగా కోస్తుందని అంతకంటే తగ్గిస్తే రంపం కుదుపుతో చేతుల్లోంచి లాక్కుంటుంది.

గొలుసు బిగువు: కింది వైపు బారును వదిలి వేలాడకూడదు, అయినా చేత్తో లాగితే నడవాలి. బారుకు ఆయిలు పంపే రంధ్రాన్ని తెరిచి ఉంచండి. పాత రంపాల్లో బొటనవేలితో నొక్కే ఆయిలు పంపు ఉంటే కోతలో కొన్ని క్షణాలకు ఒకసారి నొక్కుతూ ఉండాలి. లారీలలోంచి తీసిన కాలిన ఆయిలు వాడే అలవాటు మన కలప అడితుల్లో ఉంది. అందులో ఇనుప రజను ఉంటుంది, ఒంటికి కూడా మంచిది కాదు. కొబ్బరినూనె పోయవచ్చా అని అడిగారు. చలికాలపు ఉదయం పేరుకుంటుంది కాబట్టి వద్దు.

పరీక్ష: దుంగ కింద రాలినది చూడండి. పలకలు పలకలుగా రేకులు రాలితే పదును ఉంది. పిండిలా రాలితే ఆపి మళ్లీ పట్టండి. కోత ఒక పక్కకు వంపు తిరుగుతుంటే ఆ పక్క పళ్లు పొడవుగా ఉన్నాయి.

9. వాడటం

కట్టుగుర్రం (దుంగను ఆపే కర్ర స్టాండు) మీద పెట్టిన ఎండు దుంగతో మొదలుపెట్టండి. నిద్రగన్నేరు, మామిడి నేర్చుకోవడానికి అనువైనవి. కొబ్బరి మాను మెత్తనిదని అనుకుంటారు. దాని పైపొర గట్టిది, పదును త్వరగా పోతుంది, పీచు గొలుసు మూత కింద ఉండలు కట్టుకుంటుంది. పది నిమిషాలకొకసారి ఇంజను ఆపి తీయండి. గాలి వడపోతను కూడా అప్పుడే దులపండి. లంకల్లో వరదకు కొట్టుకొచ్చిన దుంగను కోయాలంటే ముందు బెరడు చెక్కివేయండి. పగుళ్లలో చేరిన ఒండ్రు ఇసుక ఒక్క కోతలోనే గొలుసును మొద్దుబారుస్తుంది.

బారు ముక్కు పైభాగం దేనికీ తగలకుండా చూసుకోండి. తగిలితే రంపం ముఖం మీదికి ఎగురుతుంది, బ్రేకు లేని యంత్రంలో దాన్ని ఆపేది ఏదీ లేదు. శిరస్త్రాణం, కళ్లద్దాలు, చెవి మూతలు, మందపాటి ప్యాంటు, బూట్లు తప్పనిసరి. లుంగీ కట్టుకుని, చెప్పులతో ఈ పని చేయరాదు. అదురు తగ్గించే రబ్బర్లు లేని పాత రంపాన్ని ఒకసారికి పది నిమిషాలకు మించి పట్టుకోకండి, వేళ్ల నరాలు దెబ్బతింటాయి.

నిలిచి ఉన్న చెట్టును పాత రంపంతో పడగొట్టవద్దు. తుఫాను తరువాత కరెంటు తీగల మీదా ఒకదానిమీదొకటీ వంగి పడిన చెట్ల జోలికి అసలే వెళ్లవద్దు, అది బ్రేకు ఉన్న కొత్త రంపంతో, అలవాటైన మనిషి చేయవలసిన పని. చెట్టు మీ సొంత గట్టు మీదిదే అయినా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలేమో కనుక్కోండి. కోరంగి మడ అడవిలో ఒక్క కొమ్మైనా ముట్టకూడదు.

10. దాచిపెట్టడం

నెల రోజులు వాడరనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తానే ఆగిపోయే దాకా నడపండి. ప్లగ్గు విప్పి ఒక చెంచా టూటీ ఆయిలు పోసి, తాడును మెల్లగా రెండుసార్లు లాగి, మూడోసారి గట్టిదనం తగిలిన చోట ఆపండి. అక్కడ పిస్టను రంధ్రాలను మూసి ఉంచుతుంది, చెమ్మ లోపలికి చేరదు. సైలెన్సరు నోటికి గుడ్డ కుక్కండి, ఆ గుడ్డకు ఎర్ర దారం కట్టి పిడికి ముడివేయండి, మళ్లీ నడిపేటప్పుడు కంటికి కనబడుతుంది. ప్లాస్టిక్ పట్టాలో చుట్టవద్దు, లోపల చెమట పడుతుంది. నూలు గుడ్డ కప్పి, నేలకు ఎత్తుగా, వంటింటి పొగ తగలని చోట పెట్టండి. జూన్ నుంచి నవంబరు దాకా నెలకొకసారి గుడ్డ తీసి, మెగ్నీషియం భాగాల మీద తెల్లని చుక్కలు లేచాయేమో చూడండి. ఒక్క చుక్క కనబడినా ఆ రోజే రుద్ది రంగు పూయండి.